వ్యర్థ కిరణములతో ఉదజని: ఊహ, లెక్క

నీటినుండి ఉదజనిని వేరు చేయవలెనన్న శక్తి కావలెను. అణువిద్యుత్కేంద్రములలో వాడి తీసివేసిన ఇంధనము, ఎవరును కోరకయే, రాత్రింబవళ్లు శక్తిని కిరణముల రూపమున వెదజల్లుచుండును. ఆ కిరణములు తాకిన నీరు కొంత చీలి ఉదజనిని ఇచ్చును. అట్లయినచో ఆ వ్యర్థములనుండి సీజియము, స్ట్రాన్షియము వంటి ధార్మిక పదార్థములను వేరుచేసి, గట్టిగా మూసిన గొట్టములలో నింపి, నీటి తొట్టిలో ఉంచి, పైకి వచ్చు వాయువును పట్టుకొనరాదా? వ్యర్థము వ్యర్థము కాకపోవును. పొగలేని ఇంధనమును చేతికి వచ్చును. స్వామికార్యము, స్వకార్యము రెండును ఒకేసారి నెరవేరును.

వినుటకు ఇంపుగా ఉండుటచే ఈ ఊహ మాటిమాటికి తలయెత్తుచుండును. దీనిని విన్నవెంటనే మెచ్చుకొనుట తేలిక. అణువు అన్న మాటకే భయపడి కొట్టివేయుటయు తేలికయే. ఈ రెండును విమర్శ కాజాలవు. ఊహలో నిజమెంత, ఆ నిజము ఎంత పరిమాణము గలది, దానివలన తీరు అవసరము ఏది అను మూడు ప్రశ్నలను వరుసగా వేసి చూడవలెను. ఇందుకు పెద్ద గణితము అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో నేర్చిన గుణకారము, భాగహారము చాలును.

ఊహలోని నిజము

కిరణములు నీటిని చీల్చుననుట కల్పన కాదు. 20వ శతాబ్ది ఆరంభముననే జర్మను రసాయనవేత్త గీజెల్, రేడియము బ్రోమైడును నీటిలో కరగించినపుడు ఆ ద్రావణమునుండి ఎడతెగక వాయువు వెలువడుచుండుటను గమనించెను. అందులో ఉదజని, ఆమ్లజని ఉన్నవని తేలినది. మంటలేదు, విద్యుత్ప్రవాహము లేదు. అయినను నీరు చీలుచుండెను. ఆనాటి శాస్త్రజ్ఞులకు ఇది గొప్ప వింతగా తోచినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ వింత ఇంజనీర్లకు చిక్కు సమస్యగా మారినది. అమెరికాలో హాన్‌ఫర్డ్ వద్ద నెలకొల్పిన రియాక్టరులను నదీజలముతో చల్లబరచవలసి వచ్చినది. అంతటి కిరణముల తాకిడికి నీరు ఏమగునో ముందుగా తెలియవలెను కదా! ఆ అవసరమునుండియే కిరణరసాయనశాస్త్రము వేగముగా పెరిగినది. ఆ పరిశోధనలలో పాల్గొన్న అలెన్ అను శాస్త్రవేత్త నీటిపై కిరణముల చర్యను వివరించుచు 1961లో ఒక గ్రంథమును ప్రకటించెను. మరుసటి సంవత్సరము, 1962లో, హార్ట్, బోగ్ అనువారు కిరణములు తాకిన నీటిలో క్షణకాలము నిలుచు ఎలక్ట్రానును దాని వర్ణపటము ద్వారా గుర్తించిరి. కనుక మొదటి ప్రశ్నకు సమాధానము స్పష్టము: నీరు చీలును, ఉదజని వచ్చును.

నీటిలో జరుగునది

గామా కిరణము నీటిగుండా పోవునపుడు దారిలోని అణువులనుండి ఎలక్ట్రానులను ఊడగొట్టును. ఊడిన ఎలక్ట్రాను మరికొన్ని అణువులను ఢీకొని వానినుండియు ఎలక్ట్రానులను వెడలగొట్టును. ఇట్లు కిరణపు దారి పొడవున, దారమునకు గ్రుచ్చిన పూసలవలె, అచ్చటచ్చట విరిగిన అణువుల గుంపులు ఏర్పడును. సెకనులో లక్ష కోట్లవ వంతు కాలములోనే ఈ పని ముగియును.

ఆ గుంపులలో ముఖ్యముగా మూడు రకముల శకలములు ఉండును. మొదటిది నీటి అణువులచే చుట్టబడిన ఎలక్ట్రాను. రెండవది ఉదజని పరమాణువు. మూడవది ఒక ఆమ్లజని పరమాణువు, ఒక ఉదజని పరమాణువు కలిసియుండు హైడ్రాక్సిల్ శకలము. ఇవి మిక్కిలి చురుకైనవి, ఒంటరిగా ఉండజాలవు. రెండు ఎలక్ట్రానులు దగ్గరపడినచో చుట్టునున్న నీటితో కలిసి ఉదజని అణువును ఇచ్చును. రెండు హైడ్రాక్సిల్ శకలములు కలిసినచో ఉదజని పెరాక్సైడు ఏర్పడును. కాని ఎలక్ట్రాను, హైడ్రాక్సిల్ ఎదురుపడినచో, చీలినదంతయు తిరిగి నీరగును. కిరణమిచ్చిన శక్తి వేడిగా మారి పోవును.

దీనినిబట్టి ఒక విషయము గమనింపదగినది. కిరణము నీటిని చక్కగా రెండు భాగములుగా కోయుట లేదు. అది విచక్షణ లేక విరుగగొట్టును. ఉదజని అణువు అన్నది ఆ శకలములు యాదృచ్ఛికముగా కలిసినపుడు ఏర్పడు ఉపఫలము మాత్రమే. విద్యుద్విశ్లేషణములో ఎలక్ట్రానులు తీగవెంట వచ్చి ఒక పలకవద్ద ఉదజనిని, మరియొక పలకవద్ద ఆమ్లజనిని వేరువేరుగా విడుదల చేయును. కిరణమునకు అట్టి క్రమము లేదు.

ఎంత వచ్చును?

నీరు 100 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని గ్రహించినపుడు ఏర్పడు అణువుల సంఖ్యను శాస్త్రజ్ఞులు 'జి విలువ' అందురు. ఒక ఎలక్ట్రాను ఒక వోల్టు తేడాను దాటునపుడు పొందు శక్తియే ఎలక్ట్రాన్ వోల్టు. గామా కిరణములకు ఉదజని జి విలువ సుమారు 0.45. అనగా 100 ఎలక్ట్రాన్ వోల్టులకు అర అణువైనను పూర్తిగా రాదు.

ఒక ఉదజని అణువు మండి నీరగునపుడు విడుదలయగు శక్తి 2.96 ఎలక్ట్రాన్ వోల్టులు. దీనిని 0.45తో గుణించినచో 1.33 వచ్చును. నీటికి 100 వంతుల కిరణశక్తిని ఇచ్చినచో 1.33 వంతులు మాత్రమే ఉదజనిలో నిలుచునన్నమాట. మిగిలినదానిలో అధికభాగము నీటిని వేడిచేయుటకే వినియోగమగును.

ఈ లెక్కను ఒకే ఒక గామా కిరణమునకు వేసి చూడవచ్చును. సీజియము-137 నుండి వెలువడు గామా కిరణపు శక్తి 6,62,000 ఎలక్ట్రాన్ వోల్టులు. నీటి అణువులో ఉదజనిని ఆమ్లజనికి బంధించు బంధమును తెంచుటకు 5 ఎలక్ట్రాన్ వోల్టులు చాలును. పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వేయుట అన్నది ఇటువంటి సందర్భమునకే తగును. అంతటి కిరణము నీటిలో పూర్తిగా ఇంకిపోయినను ఏర్పడు ఉదజని అణువులు ఇంచుమించు 3,000 మాత్రమే. అదే శక్తి ఏమాత్రము వృథాకాక ఉదజనిగా మారగలిగినచో 2,23,000 అణువులు రావలసియుండును.

ఇక నిత్యజీవితములోని కొలతలకు వత్తము. ఒక కిలోవాటు కిరణశక్తి ఏడాది పొడవున నీటిలో పూర్తిగా ఇంకినదనుకొందము. ఏడాదికి 8,760 గంటలు కనుక మొత్తము శక్తి 8,760 యూనిట్లు. అందులో 1.33 శాతము, అనగా సుమారు 117 యూనిట్లు, ఉదజనిలో చేరును. ఒక కిలోగ్రాము ఉదజనిలో 39.4 యూనిట్ల శక్తి ఉండును. భాగించినచో ఏడాదికి 3 కిలోగ్రాములు తేలును. ఉదజనితో నడచు కారు ఒక కిలోగ్రాముతో సుమారు 100 కిలోమీటర్లు పోవును. కాబట్టి ఏడాదిపాటు కూడబెట్టిన ఉదజని హైదరాబాదునుండి విజయవాడకు ఒకసారి పోవుటకు సరిపోవును. తిరిగి వచ్చుటకు చాలదు.

ఈ ఒక్క కిలోవాటుకు ఎంత సీజియము కావలెను? శుద్ధమైన సీజియము-137 దాదాపు రెండున్నర కిలోగ్రాములు, అనగా సుమారు 2 లక్షల క్యూరీల ధార్మికత. దానిని దళసరి కవచము లేక దగ్గరకు తీయరాదు. అంతేకాక సీజియపు శక్తిలో గామా రూపమున బయటికి వచ్చునది పదింట ఏడు వంతులు మాత్రమే. బీటా కణముల శక్తి గొట్టపు గోడలలోనే అణగిపోవును. కనుక 3 కిలోగ్రాములన్నది ఇంకను తగ్గి 2 కిలోగ్రాములకు దిగును. 30 సంవత్సరములు గడచునప్పటికి అదియు సగమగును.

ప్రపంచమునందలి వ్యర్థమంతయు చేరినచో?

ఇది చిన్న తొట్టి లెక్క, పెద్ద ఎత్తున చేసినచో వేరుగా ఉండునని కొందరు అనవచ్చును. ఆ వాదమును కూడ పరీక్షింపవలెను. ప్రపంచములోని రియాక్టరులనుండి ఇంతవరకు తీసివేసిన ఇంధనము సుమారు 4 లక్షల టన్నులు. అందులో మూడవ వంతు ఇదివరకే పునఃశుద్ధి చేయబడినది. ఊహకు అనుకూలముగా ఆ భాగమును కూడ మినహాయింపక మొత్తమును తీసికొందము. తేలికనీటి రియాక్టరు ఇంధనము, బయటికి తీసిన పది సంవత్సరములకు, టన్నుకు సుమారు ఒక కిలోవాటు వేడిని ఇచ్చును. భారతదేశములోని భారజల రియాక్టరుల ఇంధనము తక్కువగా మండునది కనుక దానినుండి వచ్చునది ఇంకను స్వల్పము. అయినను అన్నిటికి ఒక కిలోవాటు చొప్పున లెక్కింతము. ఇంధనము లోపలనే అణగిపోవు కిరణములను కూడ ఎట్లో నీటికి చేర్చితిమనుకొందము.

అప్పుడు టన్నుకు 3 కిలోగ్రాముల చొప్పున ఏడాదికి 1,200 టన్నుల ఉదజని వచ్చును. 2023లో ప్రపంచము వాడిన ఉదజని సుమారు 9 కోట్ల 70 లక్షల టన్నులు. అనగా అన్ని మినహాయింపులు ఇచ్చిన పిదప కూడ లభించునది అవసరములో ఎనుబది వేలవ వంతు. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట అన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకుట కష్టము.

దీనికి మూలకారణమును విద్యార్థులు గ్రహింపవలెను. వాడిన ఇంధనము ప్రమాదకరమైనది కనుక అందులో అపారమైన శక్తి దాగియున్నదని చాలమంది తలంతురు. ప్రమాదము వేరు, శక్తి పరిమాణము వేరు. ఒక టన్ను ఇంధనము రియాక్టరులో ఉన్నంతకాలము ఇచ్చిన వేడితో పోల్చినచో, పది సంవత్సరముల తరువాత అది ఒక ఏడాదిలో ఇచ్చునది లక్షవ వంతు. వంట అయిపోయినది. పొయ్యిలో మిగిలినది నివురు. నివురులో చేయి పెట్టినచో కాలును, నిజమే. ఆ నివురుపై మరియొకసారి వంట చేయుట మాత్రము సాధ్యము కాదు.

వచ్చినది నిలుచునా?

పై లెక్కలలో ఏర్పడిన ఉదజని అంతయు చేతికి వచ్చునని భావింపబడినది. వాస్తవమునకు అదియు నిజము కాదు. నీటిలో కరిగియున్న ఉదజనిపై హైడ్రాక్సిల్ శకలము దాడిచేసి ఒక ఉదజని పరమాణువును లాగుకొని నీరగును. విడిపోయిన రెండవ పరమాణువు పెరాక్సైడును తాకి మరల నీటిని, మరియొక హైడ్రాక్సిల్‌ను ఇచ్చును. ఆ హైడ్రాక్సిల్ మరల ఉదజనిని వెదకికొనును. గొలుసువలె సాగు ఈ చర్యవలన మూసిన పాత్రలోని శుద్ధజలములో కొంత ఉదజని చేరిన పిదప, చీలుట, కలియుట సమానమై ఉత్పత్తి నిలిచిపోవును. ఒత్తిడినీటి రియాక్టరులలో ఇంజనీర్లు ఈ గుణమును ఉపయోగించుకొందురు. నీరు చీలకుండుటకై వారు శీతలజలములో కావలెనని కొంత ఉదజనిని కరగించి ఉంచెదరు!

ఈ సంగతిని మరచుటవలన 1979లో ఒక గొప్ప కలవరము కలిగినది. ఆ సంవత్సరము మార్చి 28న అమెరికాలోని పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలండ్ రియాక్టరు దెబ్బతిన్నది. వేడెక్కిన జిర్కోనియము లోహము ఆవిరితో చర్య జరుపుటవలన ఉదజని పుట్టి రియాక్టరు పాత్ర పైభాగమున బుడగగా చేరినది. కిరణములవలన నీరు చీలి ఆమ్లజనియు పుట్టి, రెండును కలిసి పాత్రలోనే ప్రేలునేమోయని కొందరు అధికారులు భయపడిరి. అంత ఉదజని ఎదుట ఆమ్లజని నిలువజాలదని, రెండును మరల నీరగునని తెలిసిన పిదప ఆ భయము తొలగినది. 2011లో ఫుకుషిమాలో భవనములను ప్రేల్చిన ఉదజనియు ప్రధానముగా జిర్కోనియపు చర్యవలన పుట్టినదే. ఈ రెండు సంఘటనలను చూపి కిరణములు నీటినుండి కుప్పలుగా ఉదజనిని ఇచ్చునని బోధించుట పొరపాటు.

వాయువును ఎప్పటికప్పుడు తోడివేసినను, హైడ్రాక్సిల్‌ను పట్టియుంచు బ్రోమైడు వంటి లవణములను చేర్చినను ఉదజనిని కాపాడవచ్చును. అప్పుడు 0.45 నిలుచును. అంతకు మించి పెరుగదు.

ఊహకు అనుకూలమైన మాటలు

న్యాయముగా చెప్పవలెనన్న ఈ పద్ధతిపై వచ్చు ఆక్షేపణలన్నియు సరియైనవి కావు. ఉదజని ధార్మికమగునను భయము అట్టిది. సీజియపు గామా కిరణమునకు నీటిలోని పరమాణు కేంద్రకములను మార్చు శక్తి లేదు. వ్యర్థము నీటిలో కలియక గొట్టములో భద్రముగా ఉన్నంతకాలము వచ్చు వాయువు శుభ్రమైనదే.

ఉత్పత్తిని పెంచుటకు మార్గములును లేకపోలేదు. ఆల్ఫా కణములు దట్టముగా శకలములను పుట్టించుటచే వానికి జి విలువ సుమారు 1.3. జిర్కోనియము ఆక్సైడు వంటి పదార్థముల పొడిని నీటిలో ఉంచినపుడు, పొడి గ్రహించిన శక్తి కొంత ఉపరితలమునందలి నీటికి చేరి ఉదజని పెరుగునని ప్రయోగములు తెలిపినవి. ఇవి ఆసక్తికరమైన పరిశోధనలు. కాని ఆల్ఫా కణమునకు సయితము లెక్క 4 శాతమును దాటదు. పైగా ఆల్ఫా కణము కాగితమునైనను దాటజాలదు; దానిని నీటికి చేర్చవలెనన్న వ్యర్థమును నీటిలోనే కలుపవలెను. అప్పుడు శుభ్రత అన్న గుణము పోవును.

ప్రకృతి ఈ పద్ధతిని వాడుకొనిన చోటు ఒకటి కలదు. దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున, సూర్యకాంతి ఎరుగని రాతి పగుళ్ల నీటిలో, ఒక సూక్ష్మజీవి జీవించుచున్నట్లు 2006లో ప్రకటించిరి. చుట్టునున్న రాళ్లలోని యురేనియము వంటి ధాతువుల కిరణములు నీటిని చీల్చగా వచ్చు ఉదజనియే దానికి ఆధారము. ఇది అద్భుతమైన సత్యము. అయితే ఆ జీవికి తొందర లేదు. దాని అవసరము అత్యల్పము. నగరములకు, ఎరువుల కర్మాగారములకు ఆ ఓపిక చెల్లదు.

ఏది దేనికి తగును?

ఒక పద్ధతిని తిరస్కరించునపుడు దానికంటె మేలైనదానిని చూపవలెను. 1977లో బయలుదేరిన వాయేజర్ వ్యోమనౌకలు ప్లుటోనియము-238 వేడిని, కదలు భాగములు లేని తాపవిద్యుత్ పరికరముల ద్వారా, నూటికి ఇంచుమించు 6 వంతులు విద్యుత్తుగా మార్చినవి. 5 వంతులే అనుకొన్నను ఒక కిలోవాటు వేడి ఏడాదికి 438 యూనిట్ల విద్యుత్తును ఇచ్చును. విద్యుద్విశ్లేషణమున కిలోగ్రాము ఉదజనికి సుమారు 52 యూనిట్లు పట్టును కనుక 8 కిలోగ్రాములు వచ్చును. సామర్థ్యము తక్కువైనదని పేరుపడిన ఈ వంకర దారియే, కిరణముల తిన్నని దారికంటె రెండున్నర రెట్లు మెరుగు! అణుశక్తితో ఉదజనిని చేయదలచినచో నివురును కాక మంటనే ఆశ్రయింపవలెను. అనగా పనిచేయుచున్న రియాక్టరు విద్యుత్తునో, అత్యధిక తాపమునో వాడవలెను. జపానులోని ప్రయోగాత్మక రియాక్టరు ఒకటి 2004లో 950 డిగ్రీల సెంటీగ్రేడు తాపమును అందించినది. అంతటి వేడితో రసాయన చక్రముల ద్వారా నీటిని చీల్చు పరిశోధనలు జరుగుచున్నవి.

అట్లని వేరుచేసిన సీజియమునకు విలువ లేదని తలపరాదు. వైద్యపరికరములను క్రిమిరహితము చేయుటకు సాధారణముగా కిలోగ్రాముకు 25 కిలోజౌళ్ల గామా శక్తి కావలెను. అది కిలోగ్రాము నీటిని 6 డిగ్రీలు వేడిచేయుటకు మాత్రమే సరిపోవును. అదే శక్తి నీటిలో ఇంకినచో వచ్చు ఉదజని 2.3 మిల్లిగ్రాములు. కాని సూక్ష్మజీవుల విషయములో అంత స్వల్పశక్తియే మహత్కార్యము చేయును. ఏలనన జీవకణపు అణువులలో అతి కొద్ది తునుకలైనను కణము నశించును. విచక్షణ లేక విరుగగొట్టు గుణము ఉదజని ఉత్పత్తిలో దోషము. క్రిమిసంహారములో అదియే గుణము. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రము వ్యర్థములనుండి వేరుచేసిన సీజియమును గాజులో బంధించి, రోగులకు ఎక్కించు రక్తమును కిరణములకు గురిచేయు యంత్రములకై సిద్ధపరచినది.

గాజులో బంధించుటకు కారణము కలదు. అమెరికాలో సీజియము క్లోరైడు నింపిన గొట్టములను క్రిమిసంహార కేంద్రములకు ఇచ్చిరి. 1988లో జార్జియా రాష్ట్రములోని డెకేటర్‌లో అట్టి గొట్టమొకటి కారి తొట్టినీటిని కలుషితము చేసినది. సీజియము క్లోరైడు ఉప్పువలె నీటిలో కరుగును. గొట్టములను నీటిలో ఉంచి ఉదజనిని పట్టదలచినవారు మొట్టమొదట స్మరింపవలసిన సంఘటన ఇది.

పాఠశాలలో ఈ విషయము చర్చకు వచ్చినపుడు ఉపాధ్యాయులు విద్యార్థి ఊహను నవ్వి త్రోసివేయరాదు. అతని మొదటి వాక్యము సత్యమే. కిరణము నీటిని చీల్చును. అతనిచేత రెండవ వాక్యమును వ్రాయింపవలెను: ఎంత? 0.45, 2.96, 39.4 అను మూడు అంకెలను నల్లబల్లపై వ్రాసి ఇచ్చినచో పావుగంటలో అతడే సమాధానమును రాబట్టుకొనగలడు. వ్యర్థములను భద్రపరచు పాత్రలలో చేరు కొద్దిపాటి ఉదజనిని ఎట్లు తొలగింపవలెనన్న అసలైన సమస్యయు అప్పుడతనికి కనిపించును. ఆ పాత్రలకు గాలి పోవు మార్గములను, ఉదజనిని మరల నీరుగా మార్చు ఉత్ప్రేరకములను అమర్చుట అందుకే. ఇంధనముగా పనికిరానంత స్వల్పమైన వాయువు, మూసిన పాత్రలో చేరినచో ప్రమాదము కలిగించుటకు చాలును.